కింద స్నానాల గది, పైన పుస్తకాలు: బ్రాడక్ లైబ్రరీ భవనం కథ

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకు పిట్స్‌బర్గ్ అనగానే గుర్తొచ్చేది పెన్ హిల్స్ కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి. 1976 నుంచి అక్కడ పెళ్ళిళ్ళు, పుట్టువెంట్రుకలు, పులిహోర ప్రసాదాలు నడుస్తూనే ఉన్నాయి. ఆ గుడి నుంచి కారులో పావుగంటో ఇరవై నిమిషాలో పోతే మొనాంగహేలా నది ఒడ్డున బ్రాడక్ అనే చిన్న ఊరు వస్తుంది. గుడికి వచ్చినవాళ్ళు ఆ వైపు వెళ్ళడానికి పెద్దగా కారణం కనిపించదు. సగం ఇళ్ళు లేచిపోయిన ఖాళీ జాగాలు, మూతపడ్డ షాపులు, వీధి చివర పొగ కక్కే ఉక్కు మిల్లు. వాటి మధ్య కోట బురుజులాంటి గుండ్రటి మూలతో ఒక రాతి భవనం ఉంటుంది. ఆ మిల్లు పెట్టిన ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో అమెరికాలో తలుపులు తెరిచిన మొదటి లైబ్రరీ అదే. తెరిచింది 1889 మార్చి 30న.

లైబ్రరీ అంటే ముందు పుస్తకాల బీరువా గుర్తొస్తుంది. ఈ భవనాన్ని అర్థం చేసుకోవాలంటే మాత్రం సెల్లార్ నుంచి మొదలుపెట్టాలి. అక్కడ స్నానాల గదులు ఉండేవి. మిల్లులో షిఫ్టు దిగిన కార్మికుడు మసి, చెమట, నూనె కడుక్కుని శుభ్రంగా పైకి వెళ్ళి కూర్చోవాలన్నది ఆ ఏర్పాటు. మన ఇళ్ళల్లో మడి కట్టుకున్నాకే దేవుడి గదిలోకి రానిచ్చినట్టు అనిపిస్తుంది కానీ, ఇక్కడి సంగతి అంటూ సొంటూ కాదు, బొగ్గు. అప్పటి కార్మికుల ఇళ్ళల్లో చాలావాటికి నీళ్ళ గది అన్నదే లేదు. బయట పంపు, ఇంట్లో తొట్టి, అంతే. వేడినీళ్ళ స్నానం అన్నది పుస్తకం కంటే అరుదైన సౌకర్యం. కాబట్టి ఆ సెల్లార్‌ను అవమానంగా చూసినా తప్పు లేదు, అవసరంగా చూసినా తప్పు లేదు. ఈ భవనం కథంతా ఇలా రెండు వైపులా పదునుతోనే నడుస్తుంది.

ఊరికి పేరు ఓడిపోయిన సేనాని నుంచి వచ్చింది. 1755 జూలైలో బ్రిటిష్ జనరల్ ఎడ్వర్డ్ బ్రాడక్ సైన్యం ఇక్కడే ఫ్రెంచివాళ్ళ చేతిలో, వాళ్ళతో కలిసిన స్థానిక తెగల చేతిలో చిత్తయింది. ఆ సైన్యంలో కుర్రవాడు జార్జ్ వాషింగ్టన్ కూడా ఉన్నాడు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత, 1875లో, అదే మైదానంలో కార్నెగీ తన ఉక్కు మిల్లు పెట్టి రైలు పట్టాలు పోయించడం మొదలుపెట్టాడు. మిల్లుకు ఎడ్గార్ థామ్సన్ అని పేరు పెట్టాడు. ఆయన ఎవరయ్యా అంటే, పట్టాలు కొనే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీకి అధ్యక్షుడిగా ఉన్న పెద్దమనిషి. ఖాతాదారు పేరే ఫ్యాక్టరీకి పెట్టడం అన్న తెలివి అప్పటికే కార్నెగీకి ఉంది.

ఇంతకీ ఆయనకు లైబ్రరీల పిచ్చి ఎక్కడిది? అది కాస్త వెనక్కి వెళ్తే గానీ తెలియదు. కార్నెగీ 1835లో స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టాడు. తండ్రి మగ్గం నేసేవాడు. చీరాల, పోచంపల్లి వైపు ఉన్నవాళ్ళకు ఆ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆవిరి మగ్గాలు వచ్చాయి, చేతి మగ్గం ఆగిపోయింది, కుటుంబం అప్పు చేసి ఓడ ఎక్కింది. ఊళ్ళో ఉండగా ఆ తండ్రి, మరికొందరు నేతగాళ్ళు తమ దగ్గరున్న నాలుగు పుస్తకాలూ ఒకచోట చేర్చి ఇరుగుపొరుగుకు ఇచ్చేవాళ్ళు. అమెరికా వచ్చాక కొడుకు పదమూడేళ్ళ వయసులో వారానికి డాలరూ ఇరవై సెంట్లకు నూలు మిల్లులో కండెలు మార్చే పనికి కుదిరాడు. తర్వాత టెలిగ్రాఫ్ ఆఫీసులో తంతి అందించే కుర్రాడయ్యాడు.

వాళ్ళు దిగిన అలెఘెనీలో, అంటే పిట్స్‌బర్గ్ పక్క ఊళ్ళో, కల్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే ఆయన తన సొంత పుస్తకాలు, ఓ నాలుగు వందలు, శనివారం శనివారం పని చేసుకునే కుర్రాళ్ళకు ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు అది పెద్ద లైబ్రరీ అయ్యి కొత్త రూల్ వచ్చింది. వృత్తి నేర్చుకునే అప్రెంటిస్‌లకే ఉచితం, మిగతావాళ్ళు ఏడాదికి రెండు డాలర్లు కట్టాలి. తంతి కుర్రాడికి ఒళ్ళు మండింది. తనూ పని చేసే కుర్రాడే కదా అని పిట్స్‌బర్గ్ పేపరుకు ఉత్తరం రాశాడు. 1853లో జరిగిన ఈ వాదులాటలో చివరికి కుర్రాడే గెలిచాడు, రూల్ మారింది. తర్వాత జీవితమంతా కార్నెగీ ఈ కథ చెప్పుకున్నాడు. చెప్పుకోవాల్సిన కథే. కాకపోతే ఇందులో దాత గుణం ఎంతుందో, పేపరుకెక్కి పోట్లాడిన కుర్రాడి గుణమూ అంతే ఉంది. పెద్దయ్యాక ఆయన మొదటిది గుర్తుంచుకున్నంతగా రెండోది గుర్తుంచుకోలేదు.

ఎందుకంటే, 1889లో బ్రాడక్ లైబ్రరీ తెరవడానికి ముందు రెండేళ్ళలో ఏం జరిగిందో చూడాలి.

మిల్లుకు బిల్ జోన్స్ అనే సూపరింటెండెంట్ ఉండేవాడు. కెప్టెన్ జోన్స్ అనేవాళ్ళు. కొలిమి ముందు పన్నెండు గంటలు నిలబడితే మనిషి చచ్చిపోతాడు, ఎనిమిది గంటలైతే ఒళ్ళు దాచుకోకుండా చేస్తాడు అన్నది ఆయన లెక్క. 1870ల చివర్లో ఎడ్గార్ థామ్సన్‌లో ఎనిమిది గంటల షిఫ్టులు మూడు పెట్టించాడు. ఉక్కు పరిశ్రమలో అది వింత. చుట్టుపక్కల మిల్లులన్నీ పన్నెండు గంటలే నడిపాయి. చివరికి కార్నెగీకి ఆ తేడా కళ్ళల్లో పడింది. 1887 డిసెంబరులో మిల్లు మూసి షరతు పెట్టారు. మళ్ళీ పన్నెండు గంటలు, పట్టాల ధర బట్టి పెరిగి తరిగే కూలి. కార్మికులు ఒప్పుకోలేదు. నెలల తరబడి మిల్లు తెరవలేదు. తర్వాత పింకర్టన్ కంపెనీ తుపాకి కాపలా మధ్య తెరిచారు. 1888 మే నాటికి ఇళ్ళల్లో సరుకులు అయిపోయినవాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి సంతకాలు పెట్టి లోపలికి వెళ్ళారు. యూనియన్ అక్కడితో సరి.

ఏడాది తిరక్కుండా అదే కార్మికులను ఉద్దేశించి కార్నెగీ కొత్త లైబ్రరీ ప్రారంభోత్సవ ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ఏడాది జూన్‌లో, ధనవంతుడు తన డబ్బును బతికుండగానే జనం మేలుకు ఖర్చు పెట్టాలన్న ఆయన ప్రఖ్యాత వ్యాసం అచ్చయింది. సెప్టెంబరులో మిల్లులో ఒక కొలిమి పగిలి కెప్టెన్ జోన్స్ కాలిన గాయాలతో చనిపోయాడు. మార్చి, జూన్, సెప్టెంబర్. ఒకే ఏడాది, ఒకే మిల్లు చుట్టూ. ఈ మూడింటినీ విడివిడిగా చెబితే మూడు కథలవుతాయి. పక్కపక్కన పెడితే లైబ్రరీ గోడలు కొంచెం వేరేగా కనిపిస్తాయి.

దీన్ని ఒట్టి మోసం అని తీసిపారేయడం తేలిక. అది పూర్తి నిజం కాదు. కార్నెగీ మనసులో రెండూ ఉన్నట్టే ఉన్నాయి. కూలి ఎక్కువిస్తే ఆ డబ్బు తిండికీ తాగుడికీ పోతుంది, తన చేతిలో ఉంటే లైబ్రరీ అవుతుంది అన్న వాదన ఆయన రాతల్లో దాచుకోకుండా కనిపిస్తుంది. ఈ ధోరణి మనకు కొత్త కాదు. పంట ధర దగ్గర పీకులాడి, అదే రైతు ఊళ్ళో సత్రం కట్టించి పేరు చెక్కించుకున్న షావుకారు తెలుగు దేశంలోనూ ఉన్నాడు. సత్రం అబద్ధం కాదు, పీకులాటా అబద్ధం కాదు.

మరి పుస్తకాలు ఎవరు చదివారు? పన్నెండు గంటల షిఫ్టు అంటే వారానికి ఒకటో రెండో కాదు, రోజూ. అది కాక పగటి షిఫ్టువాళ్ళు రాత్రికి, రాత్రివాళ్ళు పగటికి మారే ఆదివారం నాడు ఒక జట్టు వరసగా ఇరవై నాలుగు గంటలు పనిచేయాల్సి వచ్చేది. దాన్ని లాంగ్ టర్న్ అనేవాళ్ళు. అలాంటి మనిషి ఇంటికొచ్చి తిని పడుకోవడం తప్ప ఏం చేయగలడు? నది అవతలి హోమ్‌స్టెడ్‌లో కూడా కార్నెగీ మిల్లే, కార్నెగీ లైబ్రరీయే. అక్కడి కార్మిక కుటుంబాల మీద చేసిన సర్వే ఒకటి 1910లో అచ్చయింది. లైబ్రరీ బాగానే ఉంది, మిల్లులో పనిచేసే మగవాళ్ళకు దాన్ని వాడుకునే ఓపిక లేదు అన్న సంగతి అందులో స్పష్టంగా ఉంది. పైగా 1890ల తర్వాత కొలిమి పనికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది స్లొవాక్‌లు, హంగేరియన్లు, పోలిష్‌వాళ్ళు. ఇంగ్లిష్ పుస్తకం వాళ్ళకు అందని ద్రాక్ష. అమెరికా ఉక్కు మిల్లుల్లో పన్నెండు గంటల రోజు పోవడానికి 1923 దాకా పట్టింది. అప్పటికి బ్రాడక్ లైబ్రరీకి ముప్ఫై నాలుగేళ్ళు.

అలాగని భవనం ఖాళీగా ఉందనుకుంటే పొరపాటు. ఇక్కడే అసలు విశేషం ఉంది. మొదటి భవనం విలియం హాల్సీ వుడ్ అనే ఆర్కిటెక్ట్ గీసింది. మొరటు రాయి, కమానులు, బురుజు, లోపల చదువుకునే గదితో పాటు బిలియర్డ్స్ బల్లలు. 1893లో దాని వెనక అంతకు సమానమైన ఇంకో భవనం తగిలించారు. గీసినవాళ్ళు లాంగ్‌ఫెలో, ఆల్డెన్ అండ్ హార్లో. అందులో 964 సీట్ల మ్యూజిక్ హాలు, లోపల పైప్ ఆర్గన్, ఈత కొలను, వ్యాయామశాల వచ్చాయి. అంటే ఇది లైబ్రరీ అన్న బోర్డు పెట్టుకున్న ఊరి క్లబ్బు. కొలిమి దగ్గర నిలబడ్డ తండ్రి పైకి వచ్చి పుస్తకం తెరిచాడో లేదో గానీ, అతని పిల్లలు ఆ కొలనులో ఈత నేర్చుకునే వీలుంది, భార్య శనివారం రాత్రి ఆ హాల్లో పాట వినే వీలుంది. ఉక్కు మిల్లు ఊళ్ళో పబ్బు కాని చోటు, చర్చి కాని చోటు, పొగ లేని చోటు అదొక్కటే. ఈ భవనానికి ఊళ్ళో ఉన్న మమకారం పుస్తకాల వల్ల కంటే ఈ మిగతా గదుల వల్లనే అనిపిస్తుంది. తర్వాతి కథ కూడా ఆ మాటే చెబుతుంది.

ఈ పద్ధతిని కార్నెగీ మళ్ళీ ఎక్కువచోట్ల వాడలేదు. కారణం డబ్బు కాదు, మెయింటెనెన్స్. బ్రాడక్ లైబ్రరీ ఊరిది కాదు, మిల్లు యజమానిది. దీపాలు, వేడి, జీతాలు, కొలనులో నీళ్ళు, అన్నీ ఆయన జేబులోంచే. ఊరి పన్నుతో దానికి సంబంధం లేదు. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోనే అలెఘెనీ సిటీకి ఇచ్చిన లైబ్రరీ దారి వేరు. భవనం ఆయన ఇచ్చాడు, నడిపే ఖర్చు సిటీ పన్నుల్లోంచి పెట్టింది. 1890లో దాన్ని అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ వచ్చి ప్రారంభించాడు. ఆ తర్వాత కార్నెగీ గ్రాంట్లన్నింటికీ ఇదే దారి అయింది. ఊరు స్థలం చూపించాలి. ఇచ్చిన గ్రాంటులో పదో వంతు ఏటా లైబ్రరీకి ఖర్చు పెడతామని తీర్మానం చేసి రాసివ్వాలి. పదివేల డాలర్లు ఇస్తే ఏటా వెయ్యి. రాసివ్వని ఊరికి పైసా రాదు. ఈ ఒక్క షరతు వల్ల ఎన్నో చిన్న ఊళ్ళు మొదటిసారి లైబ్రరీ కోసం పన్ను వేసుకున్నాయి. ఈ షరతు నచ్చక, కార్నెగీ డబ్బు వాసన నచ్చక వద్దన్న ఊళ్ళూ ఉన్నాయి.

గ్రాంట్ల వ్యవహారమంతా చూసింది ఆయన సెక్రటరీ జేమ్స్ బెర్ట్రమ్. ఈయన గుమాస్తాలకే గుమాస్తా. ఊరి జనాభా ఎంత, ఇప్పుడు పుస్తకాలు ఎక్కడ పెట్టారు, ఎంత పన్ను వేస్తారు, ఉత్తరాలన్నీ ఇవే. ఊళ్ళు వచ్చిన డబ్బంతా గుమ్మటాలకీ స్తంభాలకీ తగలేస్తున్నాయని విసిగిపోయి 1911లో ఒక సన్నటి కరపత్రం అచ్చు వేయించాడు. చిన్న లైబ్రరీ ఎలా కట్టాలో అందులో ఉంది. ఒకే లైబ్రేరియన్ ఒకచోట కూర్చుని మొత్తం హాలు చూడగలగాలి. పై అంతస్తు పన్నెండు నుంచి పదిహేను అడుగుల ఎత్తు. పక్క కిటికీలు నేల నుంచి ఆరడుగుల పైన పెట్టాలి. ఎందుకంటే వాటి కింద గోడ పొడవునా బీరువాలు వరసగా పడతాయి, వెలుతురు తల మీదుగా పుస్తకం మీద పడుతుంది. అమెరికాలోని కార్నెగీ లైబ్రరీలు చాలావాటికి ఆ ఎత్తు కిటికీల కుటుంబ పోలిక ఇక్కడి నుంచే వచ్చింది. కార్నెగీకి ఇంగ్లిష్ స్పెల్లింగులు పొదుపు చేయాలన్న ఇంకో పిచ్చి కూడా ఉండేది. అందుకే ఆ కరపత్రం పేరులోనే బిల్డింగ్ అన్న మాటలో ‘యు’ అక్షరం ఎగిరిపోయింది. స్తంభాలకే కాదు, అక్షరాలకూ కోత పడింది.

ఆ కరపత్రం ప్రకారం చూస్తే బ్రాడక్ భవనం మొత్తం దండగే. కొలను ఎందుకు, ఆర్గన్ ఎందుకు, బిలియర్డ్స్ ఎందుకు? బెర్ట్రమ్ లెక్క తప్పేం కాదు. ఆ లెక్కతోనే అమెరికాలో 1,679 పబ్లిక్ లైబ్రరీ భవనాలు, ప్రపంచం మొత్తం మీద 2,509 లేచాయి. బ్రాడక్ లాంటివి పది కట్టే డబ్బుతో వందలు వచ్చాయి.

1901లో కార్నెగీ తన ఉక్కు వ్యాపారం మొత్తం బ్యాంకరు జె. పి. మోర్గాన్‌కు అమ్మేశాడు. ధర 48 కోట్ల డాలర్లు. అప్పుడు తన మిల్లు లైబ్రరీలను గాలికి వదల్లేదు. కొత్తగా ఏర్పడ్డ కంపెనీ బాండ్లలో 50 లక్షల డాలర్లు పక్కన పెట్టాడు. అందులో 40 లక్షలు ప్రమాదాల్లో దెబ్బతిన్న కార్మికులకు, ముసలివాళ్ళకు. మిగతా 10 లక్షలు బ్రాడక్, హోమ్‌స్టెడ్, డుకేన్ లైబ్రరీలకు. వడ్డీ 5 శాతం. అంటే మూడింటికీ కలిపి ఏడాదికి 50 వేలు. ఆ రోజుల్లో అది మంచి సొమ్మే. బాగా ఆలోచించి చేసిన పనే. కానీ బాండ్ మీద వడ్డీకి ఒక గుణం ఉంటుంది. ధరలు పెరిగినా అది పెరగదు. 1901కీ 1970ల నడిమికీ మధ్య అమెరికాలో ధరలు ఐదు రెట్లకు పైగా పెరిగాయి. బొగ్గు ధర పెరిగింది, జీతాలు పెరిగాయి, రాతి భవనం ముసలిదైంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద బతికే రిటైరైన మాస్టారికి ఈ టెన్షన్ ఎలాంటిదో వేరే చెప్పాలా?

పన్నుతో నడిచే లైబ్రరీకి కనీసం అడగడానికి మనుషులుంటారు. కప్పు కారుతోందని మున్సిపల్ మీటింగులో అరవొచ్చు, ఓటు వేయనని బెదిరించొచ్చు. దాత నిధి మీద నడిచేదానికి అడిగే హక్కు ఎవరిది? బ్రాడక్ జనం ఆ భవనాన్ని వాడుకున్నారే గానీ, దానికి యజమానులుగా ఎప్పుడూ లేరు. ఈ లోటు మంచి రోజుల్లో ఎవరికీ తెలియలేదు.

చెడ్డ రోజులు వచ్చాయి. 1920లో ఊరి జనాభా 20,879. అప్పటి నుంచి కిందికే. కార్లు వచ్చాక జీతం బాగున్నవాళ్ళు పొగకు దూరంగా కొండల మీద ఇళ్ళు కట్టుకున్నారు. 1970ల్లో, 80ల్లో పిట్స్‌బర్గ్ చుట్టూ ఉక్కు కుప్పకూలింది. 2020 జనాభా లెక్కల్లో బ్రాడక్‌లో మిగిలింది 1,721 మంది. నూరేళ్ళలో పన్నెండు మందిలో పదకొండు మంది వెళ్ళిపోయినట్టు. నది ఎగువన డుకేన్‌లో కూడా ఇలాంటి కార్నెగీ లైబ్రరీయే, కొలనూ మ్యూజిక్ హాలూ ఉన్నదే, 1904లో కట్టారు. 1968లో దాన్ని నేలమట్టం చేశారు. హోమ్‌స్టెడ్‌ది ఒక్కటే ఆగకుండా నడిచింది. బ్రాడక్‌ది 1974లో మూసేశారు.

చలి దేశంలో మూసేసిన భవనం ఎంత తొందరగా పాడవుతుందో మనకు అంత తేలిగ్గా తట్టదు. మన దగ్గర పాడుబడ్డ ఇంటికి శత్రువు రావి మొక్క. గోడ పగుల్లో మొలిచి పదేళ్ళు తీసుకుని గోడను విడగొడుతుంది. అక్కడ ఒక్క చలికాలం చాలు. లోపల వేడి లేకపోతే పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి ఉబ్బుతాయి, పైపు చీలుతుంది. ఎండ రాగానే ఆ చీలిక లోంచి నీళ్ళు అంతస్తు తర్వాత అంతస్తు దిగుతాయి. రాళ్ళ సందుల్లో ఇంకిన వాన కూడా అంతే, గడ్డకట్టి రాయిని నెట్టేస్తుంది. ఈత కొలను, స్నానాల గదులు, ఆవిరి పైపులు ఉన్న భవనానికి ఈ ప్రమాదం మామూలు లైబ్రరీ కంటే ఎన్నో రెట్లు.

కూల్చేద్దామన్న మాట వచ్చింది. అడ్డుపడింది ఆ లైబ్రరీకి చివరి లైబ్రేరియన్‌గా పనిచేసినాయన. భవనాన్ని ఒక్క డాలరుకు కొన్నాడు. ఒక్క డాలరు అంటే ధర కాదు, ‘ఈ తలనొప్పి మాకొద్దు, నువ్వు పెట్టుకో’ అని కాగితం మీద రాసుకునే పద్ధతి. ఊరివాళ్ళు కొందరు చేరి 1983లో పిల్లల పుస్తకాల గది ఒక్కటి తెరిచారు. అంత పెద్ద భవనంలో వెచ్చగా ఉంచగలిగింది ఎంతో, తెరవగలిగింది అంతే. మిగతా గదులు తాళాల వెనకే ఉన్నాయి. అక్కడి నుంచి ఒక్కో గదీ, ఒక్కో విరాళమూ, ఒక్కో మరమ్మతూ. ఈ భాగం చెప్పుకోవడానికి రుచిగా ఉండదు. కప్పుకు గ్రాంటు, కిటికీలకు గ్రాంటు, మధ్యలో అప్లికేషన్లు. నలభై ఏళ్ళు ఇదే. ఎవరిదీ కాని భవనం కాబట్టే అది ఒక్క డాలరుకు చేతులు మారగలిగింది. పన్నుతో నడిచే లైబ్రరీ అయి ఉంటే, మున్సిపాలిటీ దివాలా తీసినప్పుడు స్థలం కోసమైనా ఎవరో ఒకరు లాక్కునేవాళ్ళు. అంటే యజమాని లేకపోవడమే దాన్ని మూయించింది, యజమాని లేకపోవడమే దాన్ని కాపాడింది.

ఈ కథలో మన వైపు తగిలే దారి కూడా ఒకటుంది. బరోడా మహారాజు మూడో శాయాజీరావ్ గైక్వాడ్ అమెరికా వెళ్ళి అక్కడి పబ్లిక్ లైబ్రరీలు చూసి ముచ్చటపడ్డాడు. 1910లో విలియం ఆలన్‌సన్ బోర్డెన్ అనే అమెరికన్ లైబ్రేరియన్‌ను పిలిపించి తన సంస్థానంలో ఊరూరా లైబ్రరీలు పెట్టించాడు. కార్నెగీ కట్టడాలు జోరుగా లేస్తున్న సంవత్సరాలే అవి. తెలుగు నాట గ్రంథాలయ ఉద్యమం అప్పటికే మొదలైంది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య దాని వెనక ఉన్నాడు. ఇక్కడ కోట్ల దాత ఎవరూ లేడు. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం లాంటివి ఊళ్ళో పెద్దలు, కుర్రాళ్ళు చందాలు వేసుకుని నిలబెట్టినవే. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు. నేతగాళ్ళ ప్రాంతం అది. డన్‌ఫర్మ్‌లిన్‌లో కార్నెగీ తండ్రి, తోటి నేతగాళ్ళు పుస్తకాలు పోగేసిన తీరుకు బ్రాడక్ కంటే వేటపాలెమే దగ్గరి చుట్టం.

తర్వాత మనమూ పన్ను దారికే వచ్చాం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద లైబ్రరీ సెస్సు పడుతుంది, ఇప్పుడది రూపాయికి 8 పైసలు. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు బాగానే అవుతుంది, జమ దగ్గరే బండి ఆగుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ సెస్సు బకాయిల వార్త పేపర్లలో ఏటా వచ్చే వార్తే. కార్నెగీ పదో వంతు షరతు పెట్టిన ఊళ్ళల్లోనూ ఇదే గొడవ. గ్రాంటు తీసుకుని, భవనం కట్టుకుని, ఏటా ఇస్తామన్నది ఎగ్గొట్టిన ఊళ్ళ జాబితా బెర్ట్రమ్ ఫైళ్ళలో ఉండేది. రిబ్బన్ కత్తిరించడానికి మంత్రి దొరుకుతాడు, ట్యూబ్‌లైటు మార్చడానికి అటెండర్ దొరకడు అన్న బాధ బ్రాడక్‌దీ మన మండల కేంద్రాలదీ ఒకటే.

బ్రాడక్ లైబ్రరీకి 2012లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది. అదే ఊళ్ళో ఇంకా ఎడ్గార్ థామ్సన్ మిల్లు నడుస్తూనే ఉంది. 2025లో దాని యజమాని కంపెనీని జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్ కొనేసింది. ఊరు ఖాళీ అయిపోయినా మిల్లూ లైబ్రరీ మిగిలాయి, ఒకదానికొకటి ఎదురు పడుతూ. బాగుపడ్డ గదుల్లో ముందు వరసలో ఉన్నది ఏదయ్యా అంటే, బెర్ట్రమ్ చూస్తే మొహం చిట్లించే ఆ సెల్లార్. కార్మికులు మసి కడుక్కున్న స్నానాల గదుల్లో ఇప్పుడు కుండలు చేయడం నేర్పుతున్నారు. టైల్సు వేసిన నేల, నీళ్ళు పోయే కాలువ అప్పటికే ఉన్నాయి. బంకమట్టి పనికి ఇంకేం కావాలి?

పైన మరో చిత్రం. 2013లో ఇక్కడ చిత్రాలు అరువిచ్చే ఏర్పాటు మొదలైంది. గోడకు తగిలించే పెయింటింగులు, ప్రింట్లు, ఫ్రేములు కట్టి ఉంటాయి. లైబ్రరీ కార్డు చూపించి నచ్చినదాన్ని ఇంటికి పట్టుకెళ్ళొచ్చు, గడువులోగా తెచ్చి ఇవ్వాలి, పుస్తకం లాగే. బొమ్మను చంకలో పెట్టుకుని ఆ రాతి మెట్లు దిగే పిల్లలకు గుమ్మం మీది కార్నెగీ పేరు కంటే, ఇంట్లో ఏ గోడకు మేకు కొట్టాలన్నదే పెద్ద సమస్య.